విత్తనం తిన్న ఊరు

చెప్పండి, మీరేం చూశారు? యుద్ధం ఆగిన ఊళ్లోకి గింజల బళ్లు వచ్చినప్పుడు మీ కళ్లు దేనిమీద ఉన్నాయి? బళ్ల మీదా, బళ్లకు కట్టిన జెండాల మీదా, వాటి వెనక పరుగెత్తే మనుషుల మీదా? నాబోటివాళ్లకు జెండాలే కనిపిస్తాయి. కడుపు మాడుతున్నా ముందు చప్పట్లు కొట్టి, ఆ తర్వాత గిన్నె వెతుక్కునే రకం మేము. ఈ కథలో తెలివైనవాడు ఒకడున్నాడు. వాడు మాలో వాడు కాడు లెండి.

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని ప్రచండభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు పొరుగు రాజుతో సరిహద్దు తగువు. ఆ తగువు మధ్యలో రేగడిపల్లె అనే ఊరు పడింది. ఈ రాజు సేన వస్తూ ఎద్దులను తోలుకుపోయింది. ఆ రాజు సేన పోతూ గాదెలు ఊడ్చుకుపోయింది. చివరికి ఇద్దరు రాజులూ తామే గెలిచామని చాటింపు వేయించుకున్నారు. ఓడింది ఊరొక్కటే.

ప్రచండభూపతికి దానం చేయడం ఇష్టం. చేశాడని పదిమందీ చెప్పుకుంటే వినడం మరీ ఇష్టం. బళ్ల నిండా విత్తనపు శనగలు రేగడిపల్లెకు పంపాడు.

"తిండి పెడితే సోమరులవుతారు. విత్తనమిస్తే బతుకు నిలబడుతుంది" అన్నాడు సభలో.

సభంతా తలలూపింది. అంతా అప్పుడే భోంచేసి వచ్చినవాళ్లే మరి.

కొన్నాళ్లకు వేగులు వార్త తెచ్చారు. రేగడిపల్లెలో జనం తామే కాడి మోసి చేలు దున్నుకున్నారు గాని, దున్నినవి దున్నినట్టే ఉన్నాయట. విత్తనమంతా ఊరు తినేసిందట.

రాజు మండిపడ్డాడు. ఊరిపెద్దను పట్టుకురమ్మన్నాడు. ఊరిపెద్ద యుద్ధంలోనే పోయాడు. ఆయన భార్య సుంకులమ్మ మీద పెత్తనం పడింది. ఆమే వచ్చి నిలబడింది.

"నేనిచ్చిన విత్తనం తిన్నారా?"

"తిన్నాం సామీ."

"అంతా?"

"కావాలని గాదు సామీ. మా ఊళ్లో ఒక కట్టడి ఉంది. విత్తే మనిషి కడుపునిండా తిన్నాకే గింజ ముట్టల్ల. ఇండ్లల్లో చూస్తే మీ శనగలు తప్ప ఏమీ లేవు. సరే, విత్తేవాళ్లకు మటుకు కొన్ని ఉడకేద్దామనుకుంటిమి. ఎవరెవరు విత్తుతారంటే ఊరంతా లేచి నిలబడె. మంచం దిగలేని ముసలోళ్లు కూడా 'మేమూ విత్తుతాం' అనిరి. అందరం కట్టడి ప్రకారం తిని, చేతులు కడుక్కొని, చేలోకి పోదామని చూస్తే గంపలు ఖాళీ. అంత పద్ధతైన జనం సామీ మేము!"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో కాదు, పేరయ. రాజుకు ఊసుపోనప్పుడు మాటలు చెప్పడం ఆస్థానంలో అతని ఉద్యోగం.

"ఆమె గోడు నీకు నవ్వులాటగా ఉందా?" అన్నాడు రాజు.

"నన్ను చూసుకుని నవ్వుకున్నాను ప్రభూ. ఆరోజు సభలో అందరికన్నా ముందు ఊగిన తల నాదే. ఈ తల దేనికైనా ఊగుతుంది. నా ఒంట్లో నిజం చెప్పేది పొట్ట ఒక్కటే, వేళ దాటితే ఎవరి ముందున్నా అరుస్తుంది."

రాజు నవ్వలేదు. "విత్తనం తిన్నవాళ్లకు భూమి ఎందుకు? ఆ ఊరి చేలన్నీ లాక్కుని నా సైనికులకు పంచండి!"

సుంకులమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "సామీ, ఎద్దులు పోతే మెడలిచ్చినాం. చేలు పోతే ఇంక ఇచ్చేదానికి ఏముంది మాకాడ?"

"ఆకలి ఒక సాకు! నేనైతే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా విత్తి చూపిస్తాను!"

పేరయ చటుక్కున లేచి చేతులు జోడించాడు. "ఆహా! అలా చూపిస్తేగాని ఈ జనానికి బుద్ధి రాదు ప్రభూ. నేలలో తడి పదును ఆరకముందే ఆ ఊరికే వెళ్లి, వాళ్ల చేలోనే విత్తండి. చేల సంగతి ఆ తర్వాత చూసుకుందాం."

రాజు మీసం దువ్వాడు. పేరయ అప్పటికప్పుడు రాజ్యమంతా దండోరా వేయించేశాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

ఏర్పాట్లన్నీ పేరయే చూశాడు. విత్తే ముందు శనగలు నానబెట్టడం ఆ ఊరి అలవాటు. అలాగే నానబెట్టించి, సంచిలో పోసి, రాజు మెడలో తగిలించాడు. విత్తడం అయ్యాక రాజుగారి భోజనానికని చేనుగట్టు మీద పొయ్యిలు పెట్టించాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని మరీ పెట్టించాడు.

పొద్దున్నే రాజుగారి ఎద్దులతో నాగలి కదిలింది. దాని వెనకే సాలులో గింజలు వేసుకుంటూ రాజు నడిచాడు. డప్పులు మోగాయి. మొదటి సాలు ఠీవిగా సాగింది. తర్వాత కిరీటం బరువనిపించి తీసి పేరయకిచ్చాడు. పొద్దెక్కింది. గట్టు మీంచి ఇంగువ తాలింపు ఘుమఘుమలాడుతూ చేనంతా తిరిగింది.

"పేరయా, ఇంకెంత చేనుంది?"

"కనిపించేదంతా ప్రభూ. దిబ్బ అవతల కనిపించనిది కూడా కాస్త ఉంది."

"ఆ పొయ్యిలు కొంచెం దూరంగా పెట్టించలేకపోయావా?"

"నా బుద్ధి అంతే ప్రభూ. ఎక్కడికెళ్లినా ముందు వంటల జాగా చూసుకుంటాను."

రాజు అటూ ఇటూ చూశాడు. ఊరివాళ్లు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. సంచిలోకి వెళ్లిన చెయ్యి ఈసారి సాలులోకి దిగలేదు. మీసం సవరించుకుంటున్నట్టు నోటిదాకా వెళ్లింది. మళ్లీ సంచిలోకి వెళ్లింది. మళ్లీ మీసం సవరించుకుంది.

పేరయ చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి. సుంకులమ్మను రాజు ఎదుటికి పిలిచాడు.

"ప్రభూ, ఊరంతా ఇక్కడే ఉంది. మీ తీర్పు మీ నోటితోనే ఇంకొక్కసారి సెలవివ్వండి. విత్తనం తిన్నవాళ్లను ఏం చేయమంటారు?"

రాజు బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. "మ్మ్" అన్నాడు.

"కాస్త గట్టిగా ప్రభూ. వెనక ముసలివాళ్లున్నారు."

"మ్మ్మ్!"

"చేలు లాక్కోమంటున్నారా, ఇంకాసిని శనగలు తెమ్మంటున్నారా?"

సుంకులమ్మకు జాలేసింది. "మెల్లగా నమలండి సామీ. పచ్చివి గదా, పొరబోతాది. మేము ఉడకేసుకొని తింటిమి."

రాజు నమిలాడు. మింగాడు. పేరయ వంక చూశాడు, ఊరి వంక చూశాడు, మీసానికి అంటుకున్న శనగపొట్టు తీసి దాని వంకా చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"దొరికిపోయానురా పేరయా! ఎంత తెలివిరా నీది!"

"తెలివే ఉంటే ఆరోజే తల అడ్డంగా ఊపేవాణ్ణి ప్రభూ."

రాజు మెళ్లో హారం తీసి అతని మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"విత్తనం బండి వెనకే తిండి బండి కూడా నడిపించండి ప్రభూ, పంట ఇళ్లకు చేరేదాకా. మనం తోలుకుపోయిన ఎద్దులు ఎటూ మన శాలల్లోనే ఉన్నాయి, వాటినీ తోలించండి. చేల మాట..."

"చేలు వాళ్లవే!" అన్నాడు రాజు. "ముందు అన్నం వడ్డించమను. అందరికీ!"

గట్టు పొడవునా విస్తళ్లు వేశారు. ఊరివాళ్ల పక్కనే రాజూ కూర్చున్నాడు. మంచం దిగలేని ముసలివాళ్లు ఆరోజూ అందరికన్నా ముందే వచ్చారు. తిన్నాక సుంకులమ్మ చెయ్యి కడుక్కుని, సంచి మెడలో వేసుకుని, రాజు ఆపిన సాలు దగ్గర నిలబడి, నాగలి పట్టినవాళ్లతో "ఊఁ, కానీండి" అంది.

నవ్వుతున్నారా? నవ్వండి. నేనూ నవ్వుతాను, అన్నం తిన్న పూట. కాని అలాంటి పేరయ ప్రతి సభలోనూ ఉండడు, ప్రతి రాజూ నవ్వడు. అందుకని ఒక్క మాట అడుగుతాను. బయట పదును ఆరిపోతోంది. లోపల పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. మీ చేతిలో ఒక్క గంప విత్తనం ఉంది. తిండి బండి వస్తుందో రాదో చెప్పేవాళ్లు లేరు. మీరైతే పొయ్యి ముట్టిస్తారా, చేలోకి నడుస్తారా?