సగం మొహానికి జపాను నూనె

అనగనగా ఒక ఊళ్ళో... ఉండు, ఒక ఊళ్ళో కాదు, రోజుకో ఊళ్ళో. పగటివేషాల వాళ్ళకి ఊరంటూ ఒకటి ఎక్కడుంటుందే బంగారం. పొద్దున్నే మొహానికి రంగేసుకుని, దేవుడిలానో దొరలానో తయారై, వీధి వీధీ ఆడుతూ తిరుగుతారు. వాళ్ళలో సోమలింగం అని ఒకడుండేవాడు.

సోమలింగానిది అర్ధనారీశ్వర వేషం. మనిషి ఒక్కడే. కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. కుడి చెంపకి విభూతి, సగం మీసం. ఎడమ చెంపకి పసుపురంగు, కంటికి కాటుక, ముక్కుకి పుడక. చేతిలో చిన్న తెరగుడ్డ ఒకటి పట్టుకుని, ఇటు మూస్తే అయ్యవారు, అటు మూస్తే అమ్మవారు. చూసేవాళ్ళు నిజంగా ఇద్దరున్నారనే అనుకునేవాళ్ళు.

అంతా బాగానే ఉంది గానీ, సాయంత్రం ఆ రంగు దేంతో తీసేవాడో తెలుసా? కిరసనాయిలుతో. ముందు కిరసనాయిలు గుడ్డ, ఆ తర్వాత బట్టల సబ్బు, ఆ తర్వాత కొబ్బరి పీచు. నేనేం కల్పించి చెప్పట్లేదే. మొహం అనుకున్నాడో, మాడిన గిన్నె అనుకున్నాడో. ముప్పై ఏళ్ళు అలా తోమితే ఏమవుతుంది? మొహమంతా పనసకాయ తొక్కలా తయారైంది.

అతనికి పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు చుక్కమ్మ, మూడేళ్ళది. ఆ పిల్ల తండ్రి దగ్గరికి రాదు. రంగుంటే దేవుడని దణ్ణం పెడుతుంది. రంగు తీస్తే "బూచి" అని తల్లి కొంగులో దూరుతుంది. ముద్దు పెట్టబోతే గీరుకుపోతుందని ఏడుస్తుంది. ఊరూరా పిల్లలు వెంటపడే మనిషికి, సొంత పిల్ల ఒళ్ళోకి రాదు. ఆ బాధ ఎవరితో చెప్పుకుంటాడు చెప్పు.

అప్పుడు ఒకరోజు జపాను నుంచి వచ్చిన ఒకావిడ ఆట చూసింది. ఆవిడ పేరు హనాయె. చూసి ముచ్చటపడి, వాళ్ళ గుడారం దాకా వచ్చింది. వెంట ఆవిడ మాటలు తెలుగులో చెప్పడానికి ఒక మాస్టారు. సరిగ్గా అప్పుడే సోమలింగం కిరసనాయిలు గుడ్డ మొహానికి పెట్టాడు. ఆవిడ ముక్కుకి ఆ వాసన తగిలింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్నచోటే చతికిలబడిపోయింది పాపం.

కాసేపటికి తేరుకుని, మాస్టారి చేత చెప్పించింది. "మా నాన్న కూడా నాటకాలాడే మనిషే. మొహమంతా తెల్లరంగు వేసేవాడు. ఆయన బుగ్గ ఇప్పటికీ మెత్తగానే ఉంటుంది."

అప్పుడు సంచిలోంచి ఒక సీసా తీసింది. వాళ్ళ దేశంలో కమేలియా అని ఎర్రపూల చెట్టు ఉంటుందట. దాని గింజలు ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, గానుగలో పిండిన నూనె అది. దాన్ని ఎలా వాడాలో చెప్పింది. ముందు ఆ నూనెతోనే రంగు కరిగించి, మెత్తటి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత తవుడు మూటకట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మొహమ్మీద మెల్లగా అద్దాలి. ఆ తర్వాత తడి ఆరకముందే, మూడంటే మూడు చుక్కలు అరచేతుల్లో వెచ్చచేసి, రుద్దకుండా అద్దుకోవాలి.

తవుడట. మన గేదె కుడితిలో వేసే తవుడు. సోమలింగం పెళ్ళాం నాంచారమ్మ తెరిచిన నోరు మూయలేదు. "మూడు చుక్కలేంటమ్మా, నూనె పెట్టడమంటే కారేలా పట్టించాలి గానీ" అంది. ఆవిడ మూడు వేళ్ళు చూపించి, నవ్వి, సీసా వాళ్ళకిచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు నాంచారమ్మ పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఇక ఇప్పుడు విను, ఆ మహానుభావుడు చేసిన పని. "అమ్మవారికి నూనె సరే, అయ్యవారికి విభూతే కదా. శివుడి చెంపకి సింగారం చేస్తే అపచారం" అనుకున్నాడు. ముక్కు మీద దారం పట్టి, మొహాన్ని రెండుగా కొలుచుకున్నాడు. ఎడమ సగానికి నూనె, తవుడు మూట, మళ్ళీ చుక్కన్నర నూనె. సగం మొహం కదా మరి. కుడి సగానికి అదే కిరసనాయిలు, అదే సబ్బు, అదే పీచు. నాకు ఇది చెప్తుంటేనే ఒళ్ళు మండుతుంది.

రెండు నెలలకి నాంచారమ్మ తిరిగొచ్చింది. మొగుడి మొహం చూసి, చేతిలో మూట వదిలేసింది. ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప పగిలి, నెత్తురు చుక్కలు కనిపిస్తున్నాయి. "ఇదేం చేసుకున్నావయ్యా" అంది.

చుక్కమ్మ ఎడమ వైపు నుంచి వచ్చింది. ఆ చెంప చూసింది. వేలితో ముట్టుకుంది. ఆ తర్వాత తన బుగ్గ ఆనించి, "నాన్న" అంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. సోమలింగం ఉబ్బితబ్బిబ్బై, పిల్ల వైపు పూర్తిగా తిరిగాడు. "బూచి" అని కెవ్వుమంది పిల్ల.

ఇటు తిరిగితే నాన్న, అటు తిరిగితే బూచి. "ఇద్దరూ నేనేనే తల్లీ" అన్నాడు. నమ్మితేనా. ఇద్దరున్నారని ఊరూరా జనాన్ని నమ్మించిన మనిషికి, ఇంట్లో పిల్ల కూడా అలాగే నమ్మేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏం చెయ్యాలో తోచక, తెరగుడ్డ తీసి కుడి చెంప మూసుకున్నాడు. అలా మూసుకునే కూతుర్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. కన్నతండ్రి, కూతురి ముందు సగం మొహం దాచుకుని కూచున్నాడే. ఎంత ఘోరం.

పిల్లలు ఊరుకుంటారా. మెల్లగా వేలు పెట్టి తెర జరిపింది. దగ్గర్నుంచి చూసింది. ఈసారి ఏడవలేదు.

"బూచికి దెబ్బ తగిలింది" అంది.

సీసా తనే అందుకుంది. మూడు చుక్కలేమిటి, దోసిలి నిండా వొంపుకుంది. రెండు చేతులూ కుడి చెంపకి ఆనించింది. లేత అరచేతులు గీరుకుపోతాయేమోనని సోమలింగం వెనక్కి జరగబోయాడు. పిల్ల చేతులు తియ్యలేదు. అతనికి అపచారమూ గుర్తు రాలేదు, అయ్యవారూ గుర్తు రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కార్చుకుంటూ కూచున్నాడు.

అప్పుడు చుక్కమ్మ ఆ పగిలిన చెంపకి మొహం దగ్గరగా పెట్టి, చిన్నగా చెప్పింది.

"ఏడవకు బూచీ. మా నాన్నున్నాడుగా."

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
ముద్దొకటి ఈ బుగ్గకి,
ముద్దొకటి ఆ బుగ్గకి.