మాణిక్యం చెవి

ఏడుపు ఆపి ఇటు తిరుగు, అమ్మడూ. ఇందాక మీ అత్తయ్య నిన్నూ వాళ్ళ పండునీ వీపుకి వీపు ఆనించి నిలబెట్టి, "ఇదేంటి, ఏడాది పెద్దదై ఉండి వాడి భుజం కూడా దాటలేదు" అన్న మాట నేనూ విన్నాను. నాకూ ఒళ్ళు మండింది. ఆవిడ సంగతి పొద్దున్న చూస్తాను. ఇప్పుడు కథ విను.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒకే ఒక్క బడి. ఆ బడికి భీమశంకరం మేష్టారు. పాఠం బాగానే చెప్పేవాడట, కాదనను. కానీ ఆయనకో రూలు ఉండేది. ఆ రోజుల్లో పేదోళ్ళ పిల్లలు ఎప్పుడు పుట్టారో ఎవరికి గుర్తు? అందుకని పిల్లల్ని గుమ్మం ముందు నిలబెట్టి, కుడిచెయ్యి తల మీంచి తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే లోపలికి, అందకపోతే ఇంటికి.

ఆ ఊళ్ళోనే మాణిక్యం అని ఒక పిల్ల. దానికి బడంటే పిచ్చి. కిటికీ కింద కూర్చుని, లోపల చెప్పిన పద్యం బయట అప్పజెప్పేది.

మొదటి ఏడు బడికి వెళ్ళింది. చెయ్యి నడినెత్తి దాటి ఆగిపోయింది. "అందలేదు, వచ్చే ఏడు రా" అన్నాడు మేష్టారు. దానికంటే చిన్నది కరణంగారి మనవరాలు. దాని చేతులు పొడుగు. చటుక్కున చెవి పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

అప్పుడు ఊరంతా వైద్యులైపోయారు. ఒకావిడ చేతులకి ఆముదం రాసి లాగమంది. ఒకాయన దూలం పట్టుకుని వేలాడమన్నాడు. ఇంకో మహాతల్లి తలకి గుడ్డ బిగించి కట్టమంది, తల చిన్నదవుతుందట. పాపం, ఆ పిల్ల అన్నీ చేసింది. ఎందుకు చెయ్యాలి, నువ్వు చెప్పు. చిన్నపిల్లలకి తల ముందు పెరుగుతుంది, కాళ్ళూ చేతులూ తర్వాత తీరిగ్గా సాగుతాయి. ఒకళ్ళకి ముందు, ఒకళ్ళకి వెనక. కొమ్మకి కాసిన కాయలన్నీ ఒక్కరోజే పండుతాయా?

ఆ తర్వాత రెండో ఏడు వెళ్ళింది. ఈసారి వేళ్ళు చెవి పైన జుట్టు దాకా వచ్చాయి. మిగిలింది గోరంత సందు. "మేష్టారండీ, తగిలినట్టే ఉందండి" అంది. "తగిలినట్టుండడం వేరు, తగలడం వేరు" అన్నాడాయన. ఆ గోరంత సందులో పడి పిల్లకి ఇంకో ఏడాది పోయింది.

అప్పుడు వాళ్ళమ్మ, "ఇంకొక్కసారే. వచ్చే ఏడు కూడా చేర్చుకోకపోతే కామందుగారింట్లో పిల్లాణ్ణి ఎత్తుకోడానికి కుదిర్చేస్తాను. ఎంతకాలమని ఊరికే కూర్చోబెట్టను?" అంది. ఆవిణ్ణి మాత్రం ఏమనగలం.

ఆ తర్వాత ఏమైందంటే, మాణిక్యం ఒక్కసారిగా సాగింది. కొత్త పరికిణీ రెండు నెలలకే పిక్కల మీదికి వచ్చేసింది. మూడో ఏడు బడి తెరిచిన రోజు అందరికంటే ముందు వెళ్ళి నిలబడి, చెయ్యి తిప్పి చెవిని గట్టిగా పట్టుకుంది.

మేష్టారు దాన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "మరీ ఎదిగిపోయావే. ఈ చిన్నపిల్లల మధ్య ఏం కూర్చుంటావు? ఇంటికెళ్ళి మీ అమ్మకి సాయం చేసుకో" అన్నాడు.

విన్నావా ఆ మాట? ఈ చోటికొచ్చేసరికి నాకు ఎప్పుడూ గొంతు లేస్తుంది.

మాణిక్యం చెవి వదల్లేదు. "నిరుడు ఎదగలేదన్నారు. ఇయ్యాల ఎదిగిపోయానంటున్నారు. మధ్యలో నేను సరిగ్గా ఉన్న రోజు ఏదండి?" అంది.

పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మలూ నాన్నలూ తలలెత్తి చూశారు. మేష్టారికి కోపం వచ్చింది. "నాకే ఎదురు చెబుతావా? ఇక్కడ రూలు నాది" అన్నాడు.

"అయితే మీరూ పట్టుకోండి" అంది మాణిక్యం.

అందరూ చూస్తున్నారాయె. మేష్టారు చెయ్యి ఎత్తాడు. అది భుజం దాకా లేచి, అక్కడ పట్టేసింది. ఇంకాస్త ఎత్తబోయి అబ్బా అన్నాడు. ఏడాదిగా ఆయనకి చొక్కా తొడిగేది వాళ్ళావిడే, ఊళ్ళో ఎవరికీ తెలీదు. చెవి మాట దేవుడెరుగు, చెయ్యి నెత్తిదాకా కూడా పోలేదు.

"వయసు మీద పడింది, కీళ్ళు బిగుసుకుపోయాయి. అది నా తప్పా?" అన్నాడు.

"నా చెయ్యి పొట్టిగా ఉన్నప్పుడు అది నా తప్పాండి?" అంది మాణిక్యం.

ఎవరూ నవ్వలేదు. మేష్టారు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని మెల్లిగా దించుకున్నాడు. మాణిక్యాన్ని ఎవరూ రమ్మని పిలవలేదు. తనే చెవి వదిలి, ఆయన పక్కనుంచి లోపలికి నడిచి, ముందు వరసలో కూర్చుంది. దాని వెనకాలే, చెయ్యి అందని బుడతలు కూడా దూరి కూర్చున్నారు. ఆ తర్వాత ఆ గుమ్మం దగ్గర ఎవరూ చెవి పట్టుకోలేదు.

అయినా ఈ లోకానికి బుద్ధి వచ్చిందా? పసిపిల్లకి ఇంకా పళ్ళు రాలేదేం అంటారు. పదేళ్ళ పిల్లని అప్పుడే ఇంత పొడుగా అంటారు. నా జుట్టు పలచబడితే అదీ వాళ్ళకే కావాలి. ఒళ్ళు మనల్ని అడిగి పెరుగుతుందా, అడిగి వంగుతుందా? దాని పని అది చేసుకుపోతుంది.

ఏయ్, ఏంటా పని? చెయ్యి తల మీదికి పోనిస్తున్నావా? దించు. ఈ ఇంట్లో నిన్నెవరూ కొలవరు. నువ్వు కూడా కొలుచుకోకు. దుప్పటి కప్పుకో.

కథ పోయె కంచికి,
మాణిక్యం పోయె బడికి,
కొలతలన్నీ గోదాట్లోకి,
నువ్వూ నేనూ నిద్దట్లోకి.