ముందు వరసలో కండువా

మా కూర్మయ్య గురువుగారిని ప్రశ్న అడగడమూ, అంతులేని బావిలో చేద వేసి తోడడమూ ఒకటే. తాడు వస్తూనే ఉంటుంది, చేద మాత్రం రాదు. నలభై ఏళ్ళుగా ఆయన నరసన్నపేటలో ప్రతి ఆదివారమూ గీత చెబుతున్నారు. మేము అడిగిన ప్రశ్నలు ఏ లక్షో ఉంటాయి. ఆయన సూటిగా చెప్పిన జవాబులు మూడు. అందులో రెండు భోజనం వేళ గురించి.

ఆ ఆదివారం గీత వినేవాళ్ళమే పద్నాలుగు మందిమి ఆయనను వెంటబెట్టుకుని, చెన్నైలో ఓడ ఎక్కి పన్నెండు రోజుల సముద్రయాత్రకు బయలుదేరాం. ఓడంటే మామూలు ఓడ కాదు. నరసన్నపేటను సంతతో సహా ఎత్తి అందులో పెట్టినా ఇంకో పేటకు చోటు మిగులుతుంది. ఆరో రోజున దిగడానికి రేవేదీ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళే. “ఈరోజు ఎవరికీ ఏ పనీ లేదు, హాయిగా ఉండండి” అని ఓడవాళ్ళే మైకులో చెప్పారు.

పై డెక్కు మీద కాఫీలు తాగుతుండగా పోలినాయుడు అడిగాడు.

“గురువుగారూ, ఒక మనిషికి ఎంత చేస్తే చేసినట్టు?”

ఊరికే అడగలేదతను. భార్య అసిరమ్మకు చూపు పోతోంది. నీటికాసులు. చుట్టూరా చీకటి మూసుకొచ్చి, నడుమ పళ్ళెమంత వెలుగు మిగిలింది. ఈ ఏడాది దాటితే ఆ పళ్ళెం కూడా ఉంటుందని చెప్పలేనన్నాడు విశాఖపట్నంలో డాక్టరు. ఏం చూడాలనుందని పోలినాయుడు అడిగితే, “ఒడ్డు కనపడని సముద్రం” అందట ఆవిడ. ఈ యాత్ర అందుకే పెట్టుకున్నాడు. మంచి మనిషి.

గురువుగారు కాఫీ ఊదుకుంటూ తాగారు.

జవాబు కోసం ఆగే తీరిక పోలినాయుడికీ లేదు. పాలకొండ బడిలో పాఠాలు చెప్పడానికి ముప్పై ఏళ్ళు రోజూ బస్సులో పోయి వచ్చిన మనిషి. కిటికీలోంచి కండువా విసిరి సీటు పట్టడంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. బస్సు ఇంకా డిపోలో ఉండగానే అతని కండువా సీట్లో కూచునేదని ఒట్టేసి చెప్పగలను. ఆ చెయ్యి ఊరుకుంటుందా? పడమటి వైపు, కమ్మీకి దగ్గరగా, ముందు వరసలో రెండు వాలుకుర్చీలు కనపడ్డాయి. ఒకదాని మీద కండువా పరిచాడు, రెండోదాని మీద తువ్వాలు.

“కాస్త చూస్తుండండి గురువుగారూ. సాయంత్రం సూర్యుడు ఇటే దిగుతాడు. అసిరమ్మకు ఇక్కణ్ణుంచే చూపించాలి.”

“ఇప్పుడెక్కడుంది?”

“కింద, మెట్ల పక్క బెంచీ మీద కూచోబెట్టాను. సంచులున్నాయి కదా. అన్నీ కుదిరాక పిలుస్తాను.”

అలా వెళ్ళినవాడు గారడీ ఆటకు ముందు వరస సీట్లు పట్టాడు. భోజనానికి కిటికీ పక్క బల్ల కోసం చూసి, దొరక్క, పళ్ళెం ఆవిడకు బెంచీ దగ్గరే ఇచ్చి మళ్ళీ పరిగెత్తాడు. మర్నాడు రేవులో ఊరు చూపించే బస్సు ఉందని తెలిసి, ముందు సీట్ల టిక్కెట్లకు వరసలో నిలబడ్డాడు. పట్టిన చోటల్లా ఓ గుడ్డ. తువ్వాళ్ళు అయిపోయి జేబురుమాళ్ళకు, అవీ అయిపోయి బనీనుకు దిగాడు. అసిరమ్మ రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూచునే ఉంది. ఎదురుగా గోడ.

పైన గురువుగారు కుర్చీలకు కాపలా. “ఇక్కడెవరైనా ఉన్నారాండీ?” అని చంటిపిల్లతో ఒక జంట రెండుసార్లు వచ్చి అడిగారు. “ఉన్నారు బాబూ” అని ఎంతో వినయంగా చెప్పి పంపేశారు. తనూ కూచోలేదు.

నాలుగు గంటలప్పుడు డాల్ఫిన్లు వచ్చాయి. నా లెక్కకు నాలుగు వేలు. ఓడవాళ్ళు ముప్పై అన్నారు గాని, వాళ్ళకు లెక్కలు రావు. జనమంతా గొల్లున లేచారు. డెబ్బై ఎనిమిదేళ్ళదాన్ని, మెట్లన్నీ ఒక్క గెంతులో దిగాను.

“ఒలే అసిరమ్మా, లెగు! ఏనుగులంతేసి చేపలు, ఎగురుతున్నాయి!”

“ఆయన కదలొద్దన్నారప్పా. సంచులెవరు చూస్తారు?”

“ఆ సంచుల్లో ఏటుందే అంత?”

“మందులు. శాలువా. పైన కూచున్నప్పుడు గాలికి చలేస్తుందని ఆయనే పెట్టారు.”

తల పైకెత్తింది. కప్పు మీద అడుగుల చప్పుడూ, పిల్లల కేకలూ వింటూ, కేక వినపడిన వైపుకల్లా ముఖం తిప్పుకుంటూ కూచుంది. ఇది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను.

నేను పైకి వచ్చేసరికి డాల్ఫిన్లు పోయాయి. పోలినాయుడు టిక్కెట్లు చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

“ఏటి గురువుగారూ ఆ గోల? ఏం కనపడ్డాయి?”

“నన్నడుగుతావేం నాయుడూ? నీ కండువానడుగు. ముందు వరసలో కూచుని అన్నీ చూసింది.”

అందరం నవ్వాం. పోలినాయుడూ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. నా వైపు తిరిగి, “అసిరమ్మ చూసిందా అప్పా?” అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

టిక్కెట్లు జేబులో కుక్కుకుని కిందికి వెళ్ళాడు. గురువుగారు కండువా, తువ్వాలు మడతపెట్టి చంకన పెట్టుకుని, దూరంగా నిలబడ్డ చంటిపిల్ల తల్లినీ తండ్రినీ పిలిచి ఆ కుర్చీల్లో కూచోబెట్టారు. కాసేపటికి పోలినాయుడు భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. సంచులు లేవు. శాలువా ఆవిడ భుజాల మీద ఉంది.

“అయ్యో, పొద్దుటి నుంచీ తిరిగి పట్టారు, కుర్చీలు పోయాయి కదండీ,” అంది అసిరమ్మ.

“పోనీలే.”

ఇద్దరూ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. సూర్యుడు దిగుతున్నాడు. “అదిగో, అటు…” అని చెయ్యెత్తబోయి, పోలినాయుడు ఆ చెయ్యి దించేసుకున్నాడు. అసిరమ్మ తనకు మిగిలిన పళ్ళెమంత చూపులోకి సముద్రాన్ని కొంచెం కొంచెంగా తెచ్చుకుంటోంది. ఎడమ చివర మొదలుపెట్టి, తల మెల్లగా తిప్పుకుంటూ, కుడి చివర దాకా. అయిపోయాక మళ్ళీ మొదటికి వచ్చింది. అతను పక్కనే, ఆవిడ ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడ్డాడు.

“ఎటు చూసినా ఒడ్డు లేదండీ,” అంది చాలాసేపటికి.

నేను నోరు మూసుకుంటే లోకం మునిగిపోతుంది కదా. గురువుగారి పక్కకు జరిగి, “ఇంతకీ పొద్దుట అతనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు,” అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు.

“ఊరుకోవమ్మా. ఆవిడ చూస్తోంది.”