మునిరత్నం మొలతాడుకున్న తాళాలు

చిత్తూరు వైపు దామలచెరువులో, తన చేయి పడందే ఏ పనీ సరిగా జరగదనుకునే మునిరత్నం అనే మామిడి వ్యాపారి ఉండేవాడు.

హాలెండు నుంచి వచ్చిన హెండ్రిక్‌తో కలిసి, చెరిసగం వాటాకు, అతను మామిడిగుజ్జు ఫ్యాక్టరీ పెట్టాడు. కాయ కొనడం మునిరత్నం వంతు, యంత్రాలు నడపడం హెండ్రిక్ వంతు అనుకున్నారు. అనుకోవడం వరకే. మాగబెట్టే గది తాళంచెవి, బాయిలర్ గది తాళంచెవి రెండూ మునిరత్నం మొలతాడుకే వేలాడేవి.

ఒకరోజు గది తెరిచి ఉందని హెండ్రిక్ తనంతట తానే బాయిలర్ వెలిగించాడు.

"ఎవర్నడిగి ముట్టుకున్నావయ్యా? దొంగలాగా!" అని మునిరత్నం కూలీలందరి ముందూ అరిచాడు.

ఆనాటి నుంచి హెండ్రిక్ చెప్పింది చేసేవాడు, చెప్పనిది చేసేవాడు కాడు. "చూశారా, దారికొచ్చాడు" అని మునిరత్నం మీసం దువ్వుకున్నాడు. దారికి రాలేదు, పని మీద మనసు తీసేశాడు. పెత్తనం చేసేవాళ్ల కళ్లకు ఆ తేడా ఎప్పుడు ఆనింది గనక!

మునిరత్నం అక్క చెంగమ్మకు భర్త లేడు. ఉన్నదల్లా ఒక మామిడితోట. ఆ వేసవిలో ఆమె కాయంతా గదిలో మాగబెట్టి, తాళం వేసుకుని, మునిరత్నం రాయవేలూరుకు పెళ్లికి వెళ్లాడు. వడగాడ్పులకు కాయ ముందే పండిపోయింది. వాసన వీధి దాకా వచ్చింది. చెంగమ్మ హెండ్రిక్ దగ్గరికి పరుగున వచ్చింది.

"ఆ తాళాలు పగలగొట్టు నాయనా!"

"పగలగొట్టను అమ్మా. మీ తమ్ముడు నన్ను మళ్లీ దొంగ అంటాడు" అన్నాడు హెండ్రిక్, తనకు వచ్చిన తెలుగులో.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే, పండు ఆగదురా. ఈయన్ని మొదలుపెట్టమని ఒక్క మాట చెప్పు."

"నేను లేకుండా నా ఫ్యాక్టరీ నడుస్తుందా? రేపొస్తాలే అక్కా" అన్నాడు మునిరత్నం.

మర్నాడు సాయంత్రం వచ్చి తలుపు తీశాడు. పుల్లటి కంపు ముఖాన కొట్టింది. ఒక పండు పట్టుకుంటే గుజ్జు వేళ్ల సందుల్లోంచి కారిపోయి, టెంక మిగిలింది. అతను మొలతాడు నుంచి తాళంచెవులు విప్పి హెండ్రిక్‌కు అందించబోయాడు.

"ఇక నువ్వే ఉంచుకో."

హెండ్రిక్ చేయి చాచలేదు. అతని పెట్టె అప్పటికే వసారాలో ఉంది. "నిన్న ఇవ్వాల్సింది" అని దాన్ని ఎత్తుకున్నాడు.

చెంగమ్మ ఏడవలేదు. "సగం పెత్తనం మనిషికివ్వలేక, నా తోటంతా ఈగలకిచ్చావురా" అంది.

నీతి: భాగస్వామి చేతులు కట్టేసినవాడికి ఆ చేతుల పని దక్కదు. వాటా పంచుకున్నవాడు పెత్తనాన్నీ, నమ్మకాన్నీ కూడా పంచుకోవాలి.