ఉప్పు తిరిగి పూసిన దిబ్బ

రండి పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గట్టు మీద మాత్రం కాళ్ళు పెట్టకండి. ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? అయితే మొదలుపెడదాం.

సముద్రానికి క్రోసెడు దూరంలో, ఉప్పుటేటికి పడమటి ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు నల్లపర్ర. చుట్టూ ఉప్పు మళ్ళు, నడుమ మనిషెత్తు దిబ్బ, దిబ్బ మీద సున్నం కొట్టిన చిన్న ప్రార్థన గుడి. గుడి ముందు రెండు చాపలు పరిచినంత మడి ఒకటి ఉంది. దాని చుట్టూ జానెడు ఎత్తున మట్టి గట్టు. ఎంత దూరం నుంచి వచ్చిన యాత్రికులైనా ముందు ఆ మడి దగ్గర నిలబడి, తరువాతే లోపలికి వెళతారు. దానిని గాబ్రేలు మడి అంటారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఉప్పు పండించే కొటార్లలో కూలికి ఉప్పు లాగే పది కుటుంబాలు ఈ దిబ్బ మీద తాటాకు పందిరి వేసుకుని ప్రార్థన చేసుకునేవి. వారిలో ఎవరికీ సెంటు భూమి లేదు. తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది ఉప్పు లాగే కొయ్య పలక ఒక్కటే. అటువంటివారికి ఉపదేశి జక్రయ్య గారు ఒక ఆదివారం దేవుని నిబంధనను గురించి, అంటే ఆయన తన ప్రజలకు ఇచ్చిన మాటను గురించి చెప్పారు. దేవుడు మాట ఇచ్చి తప్పడని, తన పిల్లలకు ఆయన రాసి ఉంచిన స్వాస్థ్యం, అంటే వారసత్వపు ఆస్తి, నిత్యజీవమని, ఆ మాటకు పూర్వులు ఉప్పును గుర్తుగా ఉంచేవారని వివరించారు. ఉప్పు చెడిపోయేది కాదు గనుక.

"ఉప్పు చెడదని దేవుడికి చెప్పిందెవరో మన కొటారోడే అయ్యుంటాడు అయ్యగారూ!" అన్నాడు ఆ కూలీల్లో ఒకడైన గాబ్రేలు. అందరూ నవ్వారు. ఆయన భార్య సువార్తమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

ఆ రోజే ఇంటికొక గుప్పెడు చొప్పున పది గుప్పిళ్ళ ఉప్పు తెచ్చి పందిరి ముందు రాశి పోయాలని అనుకున్నారు. చోటు సిద్ధం చేసే పని గాబ్రేలు మీద పడింది. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోదు కదా! నేల తడిపి, బంకమట్టి పరిచి, ఉప్పు మడిని తొక్కినట్టే మూడు రోజులు కాళ్ళతో తొక్కి, చుట్టూ గట్టు కూడా వేశాడు.

"ఏం బావా, దిబ్బ మీద ఉప్పు పండిస్తావా ఏంది?" అని తోటివాళ్ళు ఆటపట్టించారు.

"చేతనైంది ఇదే. చేతకానిది ఆయన చూసుకుంటాడు" అన్నాడు గాబ్రేలు.

రాశి పోశారు, తాటాకు కప్పారు. నిబంధనలో తమకూ వంతు ఉందని గుర్తుగా పోతూ వస్తూ దానికి దణ్ణం పెట్టుకునేవారు. సువార్తమ్మకు పిల్లలు లేరు. తమ గుప్పెడు ఏ పక్కన పోశారో ఆమెకు బాగా గుర్తు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. ఉప్పెన నీరు మళ్ళను ముంచేసింది. పది కుటుంబాలూ దిబ్బ మీదికి ఎక్కి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాయి. కొటారు కావలి పోలయ్యకు ఒక కాలు అవిటిది. వీరి ప్రార్థనకు ఆయన ఏనాడూ వచ్చినవాడు కాడు. గాబ్రేలు మొలలోతు నీళ్ళలో వెళ్ళి ఆయనను భుజాన మోసుకొచ్చి దిబ్బ మీద దించాడు. ఇంకెవరో కేక వేసినట్టు వినబడితే మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఆ దిగినవాడు తిరిగి రాలేదు. నీరు తీశాక వారం రోజులు వెతికినా శవమూ దొరకలేదు.

పందిరి కూలింది, రాశి మీది తాటాకు ఎగిరిపోయింది. ఉప్పు రాశి వానకు కరిగిపోయింది. గట్టు లోపల నీళ్ళు మాత్రం మిగిలాయి.

సువార్తమ్మ ఆనాటి నుంచి ఉప్పు మానేసింది. చప్పిడి గంజి తాగుతూ చిక్కి శల్యమైంది. జక్రయ్య గారు వచ్చి బతిమాలారు.

"ఒక్క రవ్వ వేసుకోమ్మా. ప్రాణం నిలవాలిగా."

"దేవుడి మాటకు గుర్తన్నారుగా అయ్యగారూ? గుర్తే కరిగిపోయింది. పూడ్చుకోడానికి మనిషీ లేడు. ఇక మా ఆయన వంతు ఎక్కడుందని చెప్తారు?"

జక్రయ్య గారు తల వంచుకుని వెళ్ళిపోయారు.

మిగిలినవారికీ మనసు విరిగింది. పందిరి తిరిగి వేయడానికి ఎవరూ పూనుకోలేదు. ఎండలు ముదిరేవేళకు సువార్తమ్మ కూడా మెట్ట ఊళ్ళో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళిపోవాలని మూట కట్టుకుంది. పందిరికి గాబ్రేలు పాతిన గుంజ ఒకటి మిగిలి ఉంది. దాన్నయినా వెంట తీసుకుపోదామని మిట్టమధ్యాహ్నం దిబ్బ ఎక్కింది.

గుంజ మీద చెయ్యి వేసి, గట్టు లోపలికి చూసి, అలాగే ఆగిపోయింది.

నీళ్ళు అంగుళం లోతుకు దిగాయి. గాలికి ఓరగా, ఒక మూలన, మీగడ కట్టినట్టు తెల్లగా పూసింది. ఉప్పు పువ్వు! ఆమె వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఐదు నెలలుగా ఉప్పెరగని నాలుక చురుక్కుమంది. అక్కడే చతికిలబడి, ఏడుస్తూ నవ్వుతూ, దిబ్బ కింద ఉప్పు మళ్ళలో ఉన్నవాళ్ళకు వినబడేలా కేకేసింది.

"ఓ రండర్రా! నా బుద్ధి మండ! పుట్టిన కాణ్ణించీ నీళ్ళలోంచి ఉప్పు తీసినదాన్ని, కరిగితే పోయిందనుకున్నానే! ఎక్కడికి పోద్దీ? నీళ్ళలోనే ఉంది. ఎండ కోసం కాసుకునుంది!"

అందరూ పరుగున వచ్చారు. గాబ్రేలు తొక్కిన నేల ఒక్క చుక్కనూ ఇంకనివ్వలేదు. ఆటపట్టించినవారే ఆ నేలను ముట్టి కళ్ళకద్దుకున్నారు. మరి పది రోజులు ఆగి, ఆయన పలకతోనే ఉప్పు లాగారు.

"కడలిలో కలిసినవాడిని కూడా తీయగలవాడు ఉన్నాడమ్మా" అన్నారు జక్రయ్య గారు. ఆ మాట ఆయన ఆమెకు నేర్పలేదు, ఆమె దగ్గర నేర్చుకున్నారు.

పంచేటప్పుడు ఎవరి గుప్పెడు ఏదో తెలియలేదు. అన్నీ ఒకటిగా కలిసిపోయాయి. సువార్తమ్మ తన వంతు అందుకుని, దూరంగా కర్ర ఊతతో నిలబడిన పోలయ్య దగ్గరికి నడిచింది.

"పట్టు తమ్ముడూ. ఇది గాబ్రేలుది."

"నేను మీ నిబంధనలో లేనుగా అక్కా. ఒక్క గుప్పెడైనా పొయ్యలేదు."

"ఆయన భుజం మీద వచ్చావు. అది చాల్లే. ఆయన వంతు ఆయనకు అక్కడ అందుద్ది, ఇక్కడ నువ్వందుకో."

పోలయ్య దోసిలి పట్టాడు. ఆ మధ్యాహ్నం సువార్తమ్మ ఆ దోసిట్లోంచే ఒక రవ్వ తీసి గంజిలో వేసుకుని కడుపునిండా తాగింది. ఆమె మూట విప్పింది. గుంజ పాతినచోటే ఉంది. తరువాత గుడి దాని చుట్టూ లేచింది.

నేటికీ పునరుత్థాన పండుగకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో, మొదటి ఆదివారం ఇంటింటివారూ గుప్పెడు ఉప్పు తెచ్చి, తమవారిలో గతించినవారి పేరు చెప్పి, ఈ మడి నీళ్ళలో కలుపుతారు. ఆ పండుగ నాటికి ఉప్పు తిరిగి పూస్తుంది. నడుమ వాన పడిన ఏడాది మరికొన్నాళ్ళు ఆగుతారు గాని తొందరపడరు. తొలి గుప్పెడు ఆనాడు వచ్చినవారిలో ఈ ఊరికి కొత్తవారెవరో వారికే ఇవ్వాలన్నది కట్టుబాటు. తరువాతే ఊరివారికి. కొత్తగా కాపురం పెట్టినవారు ఆ ఉప్పుతోనే మొదటి కూర వండుకుంటారు. అయినవారిని పోగొట్టుకున్నవారు కొంగున ముడివేసుకుని, గుండె నిబ్బరంతో స్తోత్రం చెల్లించుకుంటూ దిబ్బ దిగుతారు.

ఇక లేవండి పిల్లలూ, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. చేతులు కడుక్కుని, కృతజ్ఞత చెప్పుకుని అన్నం తినండి. ముద్దలో ఉప్పు కంటికి కనబడదు, ఎంత వెతికినా దొరకదు. ఉన్నదో లేదో మీ నాలుకకు తెలుస్తుంది. వెళ్ళండి, గట్టు తొక్కకుండా వెళ్ళండి.