రైలు టైము

దేవసహాయం మాస్టారి శిష్యుడు త్రినాథ్‌కి ఆ రోజు పొద్దుటి నుంచీ చిరాగ్గా ఉంది. కొత్తగా వచ్చిన స్వరూప కంప్యూటర్‌లో బ్రౌజరు ఎంతకీ తయారవడం లేదు. ఆమెకి పద్ధతి రాసిచ్చింది తనే. అది ఆగిపోయిన ప్రతిసారీ తననే ఎవరో తప్పుపడుతున్నట్టు ఉంది.

డోర్నకల్ స్టేషనుకి ఎదురుగా ఒక మేడ మీద గదిలో మాస్టారి పాఠాలు జరుగుతాయి. ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఒక బ్రౌజరుకి సేవ చేస్తున్నారు. ఇంటర్నెట్టు చూడ్డానికి వాడే బ్రౌజర్లలో కొన్నిటి లోపలి రాతను, అంటే కోడ్‌ను, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. ఇదీ అలాంటిదే. అందులో తప్పులు దిద్దుతారు, దిద్దడం నేర్పుతారు. ఆ పనికి జీతమూ లేదు, సెలవూ లేదు.

అది నేర్చుకోవాలని వచ్చినవాళ్లు ముందుగా ఆ రాతంతా దింపుకోవాలి, కావలసిన పనిముట్లన్నీ అమర్చుకోవాలి, ఆపైన తమ కంప్యూటర్‌లోనే బ్రౌజరుని మొదటి నుంచి తయారుచేసుకోవాలి. పాఠం ఆ తర్వాతే. సగంమంది ఇక్కడే బెంబేలెత్తి ఇంటిదారి పడతారు.

త్రినాథ్ పడలేదు. ఏడాది కిందట తాతల నాటి లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని పలాస నుంచి వచ్చి, రెండో రోజుకల్లా బ్రౌజరు తయారుచేశాడు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పాడు, అడగనివాళ్లకీ చెప్పాడు. కొత్తవాళ్ల కోసం పద్ధతంతా ఒక పేజీలో రాసిపెట్టి, దాని నెత్తిన ఈ మాట కూడా చేర్చాడు: "ఇది నేను ఎవరి సాయమూ లేకుండా చేశాను. శ్రద్ధ ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు."

స్వరూప కొత్తగూడెం వైపు ఒక అంధుల బడిలో టీచరు. ఆమె పిల్లలు కళ్లతో కాక చెవులతో చదువుతారు. తెలుగు పేజీని బ్రౌజరు చదివి వినిపించేటప్పుడు ఒత్తులున్న చోటల్లా తడబడుతోంది. పద్యం వస్తే మరీ అన్యాయం. ఏ చోట సరిచెయ్యాలో ఆమె ఇంటి దగ్గరే కనిపెట్టింది. కానీ సరిచేసి విని చూసుకోవాలంటే ముందు బ్రౌజరు తన కంప్యూటర్‌లో తయారవ్వాలి కదా. పెట్టిన సెలవు ఆ రోజుతో సరి.

"మళ్ల అట్లనే అయింది తమ్ముడూ," అంది స్వరూప. "అంతా మంచిగనే పోయి ఆఖర్ల ఆగుతున్నది. కిల్డ్ అని ఒక్క మాట చూపిస్తది, అంతే."

"ఏదో వదిలేసుంటారు మేడమ్. మొదట్నుంచీ చూసుకోండి."

"చూసుకున్న. మీరు రాసినట్టే చేసిన."

"నా లాప్‌టాప్ మీ దానికంటే పాతదండీ. దాన్లోనే అయిపోయింది. మరి తేడా ఎక్కడుందో మీరే ఆలోచించుకోండి."

ఆమె ఛార్జరు తీగ నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టింది. "సాయంత్రం బండికి పోత," అంది. "పిల్లలకు చేసుకొస్తనని చెప్పొచ్చిన. ఏదో ఒకటి చెప్త."

త్రినాథ్ వరండాలోకి వచ్చాడు. మాస్టారు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్నారు.

"ఆవిడ వల్ల కాదండీ మాస్టారూ. శ్రద్ధ లేదు."

"నీకెట్ల అయింది?"

"శ్రద్ధగా చేశానండీ."

మాస్టారు ఊఁ అన్నారు. దూరంగా బండి చప్పుడు వినపడింది. "గూడ్సు. ఆగదు," అన్నారు తలెత్తకుండానే. అది ఆగకుండానే పోయింది. ఆయన చెయ్యి తుడుచుకుని లేచి గదిలోకి వెళ్లారు.

"అమ్మా, నీ కంప్యూటరు జరసేపు ఇస్తవా? రైలు టైము చూసుకోవాలె. నా దాంట్ల నెట్టు వస్తలేదు. ఈలోపల నువ్వు కిందికి పోయి రెండు ముద్దలు తినిరా. మా ఇంటామె పిలుస్తున్నది."

స్వరూప కిందికి వెళ్లింది. మాస్టారు ఆమె కుర్చీలో కూర్చుని కళ్లజోడు సర్దుకున్నారు.

గుమ్మంలో త్రినాథ్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఈ మాటలు తను ఇంతకుముందు విన్నాడు.

ఏడాది కిందట, వచ్చిన రెండో రోజు. ఆ రోజు తన లాప్‌టాప్‌లోనూ అదే మాట వచ్చింది. కిల్డ్. మళ్లీ చేస్తే మళ్లీ అదే. తను బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చి, బట్టలు సంచిలో కుక్కేసి, బెజవాడ బండికి వెళ్లిపోతానన్నాడు. మాస్టారు వద్దనలేదు. రైలు టైము చూసుకోవాలి, నీ లాప్‌టాప్ కాసేపు ఇవ్వమన్నారు. అన్నం తినిరమ్మన్నారు. తిని వచ్చాక, బండికి టైమున్నది, ఇంకొక్కసారి చేసి చూడమన్నారు. చేశాడు. వచ్చింది.

ఈ ఏడాదిలో మాస్టారు ఒక్క రైలు ఎక్కగా తను చూడలేదు. కింద పోయేది ఏ బండో చప్పుడును బట్టి చెప్పే మనిషికి టైము చూసుకోవలసిన అవసరం ఏమిటి?

త్రినాథ్ తన లాప్‌టాప్ తెరిచాడు. ఎక్కడ వెతకాలో ఇప్పుడు అతనికి తెలుసు. విడివిడిగా తయారైన వేల ముక్కల్ని ఆఖర్న ఒకటిగా అతికించేటప్పుడు మెమరీ చాలకపోతే, కంప్యూటరు కారణమైనా చెప్పకుండా ఆ పనిని చంపేస్తుంది. డిస్కులో కొంత చోటు తీసి మెమరీకి తోడు ఇస్తే గట్టెక్కుతుంది. తన డిస్కులో ఆ తోడు ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. అది తను పెట్టింది కాదు.

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

స్వరూప చెయ్యి తుడుచుకుంటూ పైకి వచ్చింది. మాస్టారు కుర్చీ ఖాళీ చేశారు. "బండికి టైమున్నది. ఇంకొక్కసారి చేసి చూడమ్మా."

ముక్కలన్నీ ముందే తయారై ఉన్నాయి కనుక అతుకు ఒక్కటే మిగిలింది. కంప్యూటర్‌లో ఫ్యాను హోరెత్తింది. స్వరూప పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. చాలాసేపటికి తెర మీద తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది.

"తమ్ముడూ, వచ్చింది!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ పుణ్యమా అని వచ్చింది! మీరు రాసినట్టే చేసిన!"

ఆమె తిట్టి ఉంటే త్రినాథ్‌కి ఇంత కష్టంగా ఉండేది కాదు. మాస్టారి వైపు చూశాడు. ఆయన చేట దగ్గరికి వెళ్లిపోయి చిక్కుడుకాయల్లో మునిగిపోయారు.

"లేదక్కా," అన్నాడు. మేడమ్ అనడం మర్చిపోయాడు. "నేను రాసింది తప్పు. ముఖ్యమైన పని ఒకటి వదిలేశాను. మీరు వదిలెయ్యలేదు, నేనే వదిలేశాను."

ఆమె పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఆ వదిలేసిన పని ఏమిటో, ఎందుకో విడమరిచి చెప్పాడు. పేజీ తెరిచి దాన్ని మొట్టమొదట చేర్చాడు. నెత్తిన ఉన్న వాక్యాన్ని చెరిపేశాడు. స్వరూప వరండా వైపు ఒకసారి చూసి, తన ఒత్తుల పనిలో పడింది. తెల్లవారుజామున బండికి వెళితే బడి వేళకి అందుకోవచ్చంది.

సాయంత్రం కొత్తగూడెం బండి వచ్చి ఆగి వెళ్లిపోయింది. గదిలో కంప్యూటరు ఏదో పద్యం చదువుతోంది. తడబడిన చోటల్లా స్వరూప ఆపి, దిద్ది, మళ్లీ చదివిస్తోంది.

త్రినాథ్ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి మాస్టారికిచ్చి పక్కన కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆ రోజు నా లాప్‌టాప్‌లో ఏ బండి టైము చూశారండీ?"

మాస్టారు టీ ఊదుకుని ఒక గుక్క తాగారు.

"బెజవాడ బండి. నువ్వెక్కుత అన్నదే."