పై జాలీకి పట్టిన దూది

ఆదోనిలోని ఒక పత్తి మిల్లులో ఈరన్న అనే ఎలక్ట్రీషియన్ ఉండేవాడు; పనిమంతుడే గానీ, తప్పు ఎక్కడ జరిగినా తన చేతిలో మాత్రం జరగదని అతని నమ్మకం.

ఆ యేడు మిల్లు ఆవరణలో రైతుల పత్తి కుప్పలుగా పడి ఉంది. పైన మబ్బులు తిరుగుతున్నాయి. వాన పడేలోగా గింజ తీసి బేళ్లు కట్టాలి. సరిగ్గా అప్పుడే మోటార్ల వేగాన్ని అదుపు చేసే డ్రైవు అనే పరికరం మాటిమాటికీ వేడెక్కి ఆగిపోసాగింది. అది ఒక ఇనుప పెట్టెలో ఉండేది. పెట్టె అడుగున ఉన్న చిన్న ఫ్యాను చల్లగాలిని లోపలికి లాగి, వేడిని పై జాలీ గుండా బయటికి నెట్టాలి. ఆ ఫ్యాను పాడైతే, కిందటి నెలలోనే ఈరన్న కొత్తది బిగించాడు.

"వోల్టేజీ సరిగా లేదు సార్" అన్నాడు ఈరన్న, యజమాని వీరభద్రప్పతో. పెట్టె తలుపు బార్లా తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టాడు. డ్రైవు నడిచింది. అందరూ మెచ్చుకున్నారు.

మిల్లు ఊడ్చే లింగమ్మ మాత్రం అక్కడే నిలబడింది.

"అన్నా, ముందు దూది ఈ పెట్టె కింద జాలీకి పట్టేది. నెల దినాల నుంచి పై జాలీకి పడతాంది. ఎందుకో చూడు."

"ఏమ్మా ఇంజనీరమ్మా, టెస్టరు నువ్వు పట్టుకో. చీపురు నాకియ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

"ఇస్తా గానీ, ఊడ్చేది నీకు చేతనైతాదా?" అని లింగమ్మ తన పనికి తాను పోయింది.

తెరిచిన తలుపులోంచి దూది రేగి డ్రైవు నిండా పేరుకుంది. మూడోరోజు అది కాలిపోయింది. హైదరాబాదు నుంచి కొత్తది రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లోనే వాన పడింది. కుప్పల మీద కప్పే పట్టాలు చాలక మద్దిలేటి అనే రైతు పత్తి తడిసిపోయింది. అతను ఎవరినీ తిట్టలేదు. గుప్పెడు పత్తి పిండి, కారిన నల్లటి నీళ్లను చూస్తూ కూర్చున్నాడు.

కొత్త డ్రైవు బిగించి, స్విచ్చి మీద చెయ్యి వేసినప్పుడు ఈరన్నకు లింగమ్మ మాట మనసులో మెదిలింది. చిన్న ఫ్యాను ఒక్కటే వేసి, పై జాలీ దగ్గర చిటికెడు దూది పట్టాడు. పైకి ఎగరాల్సిన దూది జాలీకి అతుక్కుపోయింది. ఫ్యానును తలకిందులుగా బిగించింది తానే. బయటికి పోవాల్సిన వేడిని అది మళ్లీ లోపలికే నెట్టింది.

ఎవరూ చూడలేదు. ఐదు నిమిషాల్లో తిప్పి బిగిస్తే సరిపోతుంది. వోల్టేజీ మీద నెపం పెడితే అందరూ నమ్ముతారు. గుమ్మంలోంచి మద్దిలేటి వంగిన వీపు కనిపిస్తోంది.

ఈరన్న వీరభద్రప్పను, లింగమ్మను, మద్దిలేటిని పిలిచాడు. "ఫ్యాను తిరగేసి బిగించింది నేనే సార్. ఈమె చెప్పినా వినలేదు. మద్దిలేటన్నా, నీ పత్తి తడిసింది నా వల్లే."

వీరభద్రప్ప పెట్టె తాళం చేతిలోకి తీసుకున్నాడు. "ఈ సీజనంతా పెట్టె తాళం నీ కింద పనిచేసే రామాంజి దగ్గర ఉంటుంది. నువ్వు అతని కింద పనిచెయ్యి" అన్నాడు.

"సరే సార్" అని ఈరన్న లింగమ్మ వైపు తిరిగాడు.

"ముందు అది తిప్పి బిగించన్నా. మబ్బు ఇంకా పోలా" అంది లింగమ్మ.

నీతి: తప్పు వెతకాల్సి వస్తే ముందు మన చేతిపనిలోనే వెతకాలి, అది ఆలస్యమైన కొద్దీ నష్టం ఏ పాపమూ ఎరగని వాళ్ల మీద పడుతుంది.